గదిలో గ్రో టెంట్.. పక్కింటి దాకా వాసన! గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో లేని ఇబ్బంది ఇంట్లో ఎందుకు? వాసన ఆపేదెలా?

* రూమ్ ఫ్రెష్‌నర్, అగర్‌బత్తీలతో వాసన పోదు.. ఇంకా ముదురుతుంది
* అసలు పని చేసేవి రెండే.. గాలిని లాగే ఫ్యాన్, వాసనను పట్టే కార్బన్ ఫిల్టర్
* రాత్రిపూట ఫ్యాన్ ఆపేయడమే చాలామంది చేస్తున్న పెద్ద పొరపాటు

హైదరాబాద్‌లో పూలంటే ముందుగా గుర్తొచ్చేది గుడిమల్కాపూర్ మార్కెట్టే. మెహదీపట్నం దాటి అటువైపు తిరిగితే చాలు.. తెల్లవారకముందే బంతి, చామంతి, గులాబీ, లిల్లీ, మల్లె బస్తాలు, బుట్టలు దిగుతుంటాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నుంచి రైతులు తెచ్చిన పూలు కిలోల లెక్కన చేతులు మారుతుంటాయి. శ్రావణ మాసం, బతుకమ్మ, దసరా, దీపావళి వచ్చాయంటే అడుగు తీసి అడుగు వేయలేం. అన్ని పూలు ఒక్కచోట ఉన్నా అక్కడ నిలబడినవాళ్లు ముక్కు మూసుకోరు. పైగా గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు.

అవే మల్లెలను ఓ పది కుండీల్లో వేసి, పది అడుగుల గదిలో, జిప్ వేసిన టెంట్‌లో పెంచితే మాత్రం సీన్ మారిపోతుంది. రెండు రోజులు ఇల్లంతా ఘుమఘుమ. మూడో రోజు తలనొప్పి. వారం తిరిగేసరికి పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు. అద్దె ఇల్లయితే ఓనర్ ఫోన్ రానే వస్తుంది.

పూలు అవే.. మరి తేడా ఎక్కడ? మార్కెట్‌లో గాలి ఆడుతుంది, టెంట్‌లో ఆడదు. వాసన సమస్య మొత్తం ఈ ఒక్క మాటలోనే ఉంది. దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

అసలు గ్రో టెంట్ అంటే ఏంటి?

ఇనుప కడ్డీల ఫ్రేమ్, దాని మీద మందపాటి గుడ్డ, లోపల వెండిరంగు మెరుపు పూత, ముందు జిప్పు.. చూడటానికి బట్టల అల్మరాలా ఉంటుంది. పైన ఎల్‌ఈడీ లైట్లు వేలాడతాయి. ఎండ తగలని ఇళ్లలో కూడా మొక్కలు పెంచుకోవడానికి ఇది పనికొస్తుంది.

డాబా మీద చోటు లేనివాళ్లు, గ్రౌండ్ ఫ్లోర్ ఇరుకు గదుల్లో ఉండేవాళ్లు, ఆకుకూరల నారు పోసుకునేవాళ్లు, మైక్రోగ్రీన్స్, తులసి, పుదీనా, మల్లె, ఆర్కిడ్ లాంటివి పెంచేవాళ్లు దీన్ని వాడుతున్నారు. పుట్టగొడుగులకు కూడా ఇలాంటి టెంట్లనే కొద్దిగా మార్చుకుని వాడతారు.

వెలుతురు, వేడి, తేమ.. ఈ మూడూ లోపల మన చేతిలో ఉంటాయి. దాంతోపాటు వాసన కూడా లోపలే పోగవుతుంది. అక్కడే తంటా అంతా.

మంచి వాసన చెడ్డగా ఎందుకు మారుతుంది?

మల్లె వాసన ఒకే పదార్థం కాదు. బెంజైల్ ఎసిటేట్, లినలూల్ లాంటి చాలా పదార్థాల కలయిక. వాటిలో ఇండోల్ అనేది ఒకటి ఉంటుంది. ఇది చాలా తక్కువ మోతాదులో ఉంటే పూల వాసనలా అనిపిస్తుంది. అదే చిక్కబడితే మాత్రం కలరా ఉండల్లా, ఇంకా ఎక్కువైతే మలం కంపులా తోస్తుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. మలంలో వాసనకు కారణమైన పదార్థాల్లో ఇండోల్ కూడా ఒకటి.

అంటే మార్కెట్‌లో గాలికి పలచబడి హాయిగా అనిపించిన మల్లె, మూసిన గదిలో చిక్కబడి వికారం తెప్పిస్తుంది. పువ్వు పాడవ్వలేదు. మోతాదు పెరిగింది.. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. మల్లె, లిల్లీ లాంటి తెల్ల పూలు సాయంత్రం నుంచి రాత్రి వరకు ఎక్కువ వాసన విడుస్తాయి. రాత్రిపూట తిరిగే పురుగులను రప్పించుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. సరిగ్గా అదే సమయంలో మనవాళ్లు 'సౌండ్ వస్తోంది, నిద్ర పట్టట్లేదు' అని ఫ్యాన్ ఆపేస్తారు. తెల్లారేసరికి టెంట్‌లో వాసన గడ్డకట్టినట్టు ఉంటుంది.

వాసన పూలదేనా? ముందు ఇది తేల్చుకోండి

టెంట్ నుంచి వచ్చే ప్రతి వాసనా పూలదీ ఆకులదీ కాదు. ఒక్కో వాసన వెనక ఒక్కో కారణం ఉంటుంది. అది తెలియకుండా ఫిల్టర్ కొంటే డబ్బు దండగ.

తడి మట్టి వాసన: మట్టిలోని సూక్ష్మజీవులు విడుదల చేసే జియోస్మిన్ వల్ల ఇది వస్తుంది. తొలకరి వానకు వచ్చే మట్టి వాసనలోనూ ఇదే ఉంటుంది. లక్ష కోట్ల వంతుల గాలిలో కొన్ని వంతులు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. ఇది ప్రమాదం కాదు. కానీ రోజూ వస్తుంటే నీళ్లు ఎక్కువ పోస్తున్నారని అర్థం.

కుళ్లిన గుడ్ల వాసన: కుండీ అడుగున నీరు నిలిచి, గాలి అందక వేర్లు కుళ్లుతున్నాయి. దీనికి కారణం హైడ్రోజన్ సల్ఫైడ్. హైడ్రోపోనిక్స్ వాడేవాళ్ల ట్యాంకుల్లోనూ ఇది వస్తుంది. ట్యాంక్ కడిగి, నీళ్లు మార్చి, ఎయిర్ పంప్ పెట్టాలి.

ఘాటుగా ముక్కు మండే వాసన: అమోనియా. పచ్చి పేడ, కోళ్ల ఎరువు, యూరియా ఎక్కువైతే వస్తుంది. ఇక్కడొక ముఖ్యమైన విషయం.. మామూలు కార్బన్ ఫిల్టర్ అమోనియాను సరిగా పట్టదు. ఎరువు తగ్గించడం, బాగా మాగిన ఎరువే వాడటం ఒక్కటే దారి.

బూజు, ముక్క వాసన: తేమ ఎక్కువై ఆకుల మీదో, టెంట్ మూలల్లోనో ఫంగస్ పట్టింది. బూజు పట్టిన ఆకులు కత్తిరించి కవర్‌లో కట్టి బయటపడేయాలి. టెంట్ లోపలి గోడలు తుడిచి ఆరబెట్టాలి.

కొత్త ప్లాస్టిక్ వాసన: కొత్త టెంట్‌కు, కొత్త పైపులకు మామూలే. మొక్కలు పెట్టకముందు జిప్పు తీసి, కిటికీలు తెరిచి కొన్ని రోజులు గాలికి వదిలేస్తే తగ్గిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా వాసన ఉంటే, అది మొక్కదే. అప్పుడే ఫిల్టర్ సంగతి ఆలోచించాలి.

కార్బన్ ఫిల్టర్ ఎలా పని చేస్తుంది?

ఇందులో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్. కొబ్బరి చిప్పలనో, బొగ్గునో ఎక్కువ వేడి మీద, ఆవిరితో శుద్ధి చేసి తయారు చేస్తారు. అలా చేసినప్పుడు అందులో కంటికి కనిపించని కోట్ల రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాము కార్బన్‌లో ఉండే లోపలి ఉపరితలం 1000 చదరపు మీటర్ల వరకు, కొన్నింట్లో అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. గజాల్లో చెప్పాలంటే దాదాపు 1200 గజాల స్థలం.. ఒక్క గ్రాములో!

గాలి ఈ రంధ్రాల గుండా వెళ్లేటప్పుడు వాసన కణాలు లోపలి గోడలకు అతుక్కుపోతాయి. గాలి మాత్రం బయటికి వెళ్తుంది. ఇది వాసనను కప్పిపుచ్చదు, పట్టి ఉంచుతుంది. ఫ్రెష్‌నర్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే.

మరి పొయ్యిలో వాడే బొగ్గులు గుడ్డలో కట్టి వేలాడదీస్తే? పెద్దగా ఉపయోగం ఉండదు. మామూలు బొగ్గులో అన్ని రంధ్రాలు ఉండవు. పైగా గాలి దాని గుండా వెళ్లాలి కానీ పక్క నుంచి కాదు. ఫ్యాన్ లేకుండా ఎంత మంచి కార్బన్ పెట్టినా సగం పని కూడా జరగదు.

ఏ సైజు ఫ్యాన్ కావాలి? లెక్క చాలా సింపుల్

టెంట్ పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. ఉదాహరణకు 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటే 112 ఘనపుటడుగులు. టెంట్‌లోని గాలి నిమిషానికి ఒకసారి మారాలంటే ఫ్యాన్ నిమిషానికి 112 ఘనపుటడుగుల గాలిని లాగాలి. ఫ్యాన్ డబ్బా మీద సీఎఫ్‌ఎం అని రాసి ఉండేది ఇదే.

అయితే ఫిల్టర్, పైపుల వల్ల ఫ్యాన్ బలం కొంత తగ్గుతుంది. కాబట్టి మూడో వంతు అదనంగా లెక్క వేసుకోవాలి. అంటే పై టెంట్‌కు 150 సీఎఫ్‌ఎం ఫ్యాన్ సరిపోతుంది. ఫిల్టర్ కూడా అంతే సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి. చిన్న ఫిల్టర్‌కు పెద్ద ఫ్యాన్ తగిలిస్తే గాలి మరీ వేగంగా దూసుకుపోయి వాసన అతుక్కునే టైమ్ ఉండదు.

అమర్చే వరుస ఇలా ఉండాలి..

1. టెంట్ లోపల పై భాగంలో కార్బన్ ఫిల్టర్. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి అక్కడే పెట్టాలి.
2. ఫిల్టర్‌కు ఆనుకుని ఇన్‌లైన్ ఫ్యాన్. అది ఫిల్టర్ గుండా గాలిని లాగుతుంది.
3. అక్కడి నుంచి బయటికి పైపు. ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. ప్రతి వంపూ గాలి వేగాన్ని తగ్గిస్తుంది.
4. కింది భాగంలో గాలి లోపలికి రావడానికి చిన్న కంత.

అగర్‌బత్తీ టెస్ట్ చేశారా?

ఫ్యాన్ ఆన్‌లో ఉన్నప్పుడు టెంట్ గోడలు కొద్దిగా లోపలికి పీల్చుకున్నట్టు కనిపించాలి. అంటే లోపలికి వచ్చే గాలి కంటే బయటికి లాగే గాలి ఎక్కువగా ఉందన్నమాట. అప్పుడు జిప్పు సందుల్లోంచి గాలి లోపలికే వెళ్తుంది తప్ప వాసన బయటికి రాదు.

దీన్ని చూసుకోవడానికి ఖరీదైన మీటర్లు అక్కర్లేదు. ఒక అగర్‌బత్తీ వెలిగించి జిప్పు దగ్గర, కుట్ల దగ్గర, వైర్లు వెళ్లే కంతల దగ్గర పట్టుకోండి. గుడ్డకు నిప్పు తగలకుండా జాగ్రత్త. పొగ లోపలికి వెళ్తే ఓకే. బయటికి చెదిరిందంటే అక్కడ లీక్ ఉన్నట్టే. టేపు వేసి మూసేయండి.

ఇంకో చిక్కు ఏంటంటే.. వాసన ఉన్న చోట కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఇంట్లోవాళ్లకు 'ఏం వాసన లేదే' అనిపిస్తుంది. పక్కింటివాళ్లకు మాత్రం గుప్పుమంటుంది. అందుకే బయటి నుంచి వచ్చినవాళ్లను అడగాలి. లేదా అరగంట బయట తిరిగొచ్చి, తలుపు తీయగానే వచ్చే మొదటి వాసనను గమనించాలి.

పైపు ఎటు పెడుతున్నారు? గొడవలన్నీ ఇక్కడే

గుడిమల్కాపూర్, కార్వాన్, ఆసిఫ్‌నగర్ లాంటి చోట్ల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. గల్లీల్లో ఒకరి కిటికీ ఎదురుగా ఇంకొకరి కిటికీ. మన పైపు ఎదురింటి కిటికీలోకి ఊదిందంటే సమస్య మన ఇంట్లోంచి వాళ్ల ఇంట్లోకి మారిందంతే.

అపార్ట్‌మెంట్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది. బాత్రూమ్‌ల మధ్య ఉండే షాఫ్ట్‌లోకి పైపు వదిలేస్తారు. వెచ్చటి గాలి పైకి ఎగబాకుతుంది కాబట్టి ఆ వాసన నేరుగా పై అంతస్తుల బాత్రూముల్లోకి చేరుతుంది. కారణం ఏంటో తెలియక వాళ్లు డ్రైనేజీ పైపులు బాగు చేయించుకుంటారు.

వీలైతే ఖాళీ స్థలం వైపో, రోడ్డు వైపో, డాబా పైకో గాలి వదలాలి. ఫిల్టర్ అయ్యాకే వదలాలి. మీది అద్దె ఇల్లయితే గోడకు కంత పెట్టే ముందు ఓనర్‌ను అడగండి. కిటికీ అద్దం తీసి అదే కొలతకు ప్లైవుడ్ ముక్క పెట్టి, దానికి కంత చేస్తే గోడ పాడవదు. ఖాళీ చేసేటప్పుడు అద్దం మళ్లీ బిగించుకోవచ్చు.

గదిలో స్ప్లిట్ ఏసీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. అది గదిలో గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. బయటి గాలిని తీసుకురాదు, వాసనను బయటికి పంపదు.

వానాకాలంలో డబుల్ జాగ్రత్త

జూన్ చివరి నుంచి సెప్టెంబర్ వరకు హైదరాబాద్ గాలిలో తేమ బాగా ఎక్కువ. టెంట్‌లో మొక్కలు వదిలే తేమ దానికి తోడవుతుంది. తేమ 70 శాతం దాటితే రెండు నష్టాలు. మొదటిది, బూజు. రెండోది, కార్బన్ రంధ్రాలను నీటి ఆవిరి ఆక్రమించేస్తుంది. ఇక వాసనకు చోటు ఉండదు. 'ఎండాకాలంలో బాగానే పని చేసింది, ఇప్పుడేమైంది' అని ఫిల్టర్‌ను తిట్టుకునేవాళ్లకు జవాబు ఇదే.

కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటర్ ఒకటి టెంట్‌లో పెట్టుకోండి. 50 నుంచి 60 శాతం మధ్య ఉంటే చాలా మొక్కలకు మంచిది. నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పోయండి. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. మొక్కలను ఒత్తుగా కుక్కకుండా ఆకుల మధ్య గాలి ఆడేలా పెట్టండి. లోపల ఒక చిన్న క్లిప్ ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి.

ఇక కరెంట్ పోతే? ఫ్యాన్ ఆగిన కాసేపటికే వాసన బయటికి పాకుతుంది. చిన్న ఇన్‌లైన్ ఫ్యాన్ ఇంటి ఇన్వర్టర్ మీద తేలిగ్గానే నడుస్తుంది. లైట్లు కాకపోయినా ఫ్యాన్ లైన్ మాత్రం ఇన్వర్టర్‌కు కలపించుకుంటే మేలు. రాత్రి సౌండ్ ఇబ్బంది అయితే ఫ్యాన్ ఆపొద్దు, స్పీడ్ తగ్గించండి. ఫ్రేమ్‌కు నేరుగా బిగించకుండా రబ్బరు పట్టీలతో వేలాడదీస్తే చప్పుడు బాగా తగ్గుతుంది.

ఫిల్టర్ ఎండలో పెడితే మళ్లీ కొత్తదవుతుందా?

కాదు. ఎండకు కొంత తేమ ఆరుతుంది తప్ప, లోపల పట్టేసిన వాసన పదార్థాలు పూర్తిగా పోవు. కార్బన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేయాలంటే ఫ్యాక్టరీల్లో 700 డిగ్రీలకు పైగా వేడి చేయాల్సి ఉంటుంది. ఇంట్లో ఓవెన్‌లో పెట్టే ప్రయోగాలు అస్సలు చేయొద్దు.

మామూలుగా ఒక ఫిల్టర్ ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు వస్తుంది. తేమ, దుమ్ము ఎక్కువైతే అంతకంటే ముందే అయిపోతుంది. పైన చుట్టి ఉండే తెల్ల గుడ్డ దుమ్మును ఆపుతుంది. నెలకోసారి దాన్ని తీసి దులిపి, ఉతికి పూర్తిగా ఆరాకే తొడగాలి. రోడ్డు పక్క ఇళ్లలో ఈ గుడ్డ త్వరగా నల్లబడుతుంది. గుడ్డ మూసుకుపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి లాగదు.

ఇవి మాత్రం చేయొద్దు

రూమ్ ఫ్రెష్‌నర్లు, అత్తర్లు: వాసన మీద వాసన చేరుతుంది. ఉన్న పదార్థాలు ఎక్కడికీ పోవు, కొత్తవి తోడవుతాయి.

రోజంతా అగర్‌బత్తీలు, సాంబ్రాణి: మూసిన గదిలో పొగ పెరుగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది మంచిది కాదు. టెస్ట్ కోసం ఒకసారి వెలిగించడం వేరు, వాసన కప్పడానికి రోజూ వెలిగించడం వేరు.

ఓజోన్ మెషిన్లు: 'వాసన క్షణాల్లో మాయం' అంటూ ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మనుషులు ఉండే గదుల్లో ఇలాంటివి వాడొద్దని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. మొక్కల ఆకులు కూడా ఓజోన్‌కు మాడిపోతాయి.

పుట్టగొడుగులు పెంచేవాళ్లు ఇది తప్పక చదవాలి

ముత్యపు పుట్టగొడుగులు, అంటే ఆయిస్టర్ మష్రూమ్స్, కోతకు వచ్చే సమయంలో కంటికి సరిగా కనిపించని బీజాలను పెద్ద ఎత్తున గాలిలోకి వదులుతాయి. వాటిని రోజూ పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం, జ్వరం లాంటివి వస్తాయి. పుట్టగొడుగుల ఫారాల్లో పనిచేసేవాళ్లలో ఈ ఊపిరితిత్తుల జబ్బును డాక్టర్లు ఎప్పుడో గుర్తించారు. పడకగదిలో ఈ టెంట్ పెట్టొద్దు. గొడుగు అంచులు విచ్చుకోకముందే కోసేయాలి. లోపలికి వెళ్లేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోవాలి. దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించి, ఇంట్లో పుట్టగొడుగులు పెంచుతున్న సంగతి కచ్చితంగా చెప్పండి.

రాలిన పూలు, ఆకులు ఏం చేయాలి?

చాలా ఇళ్లలో వాసన టెంట్‌లోంచి కాదు, దాని పక్కన పెట్టిన కవర్‌లోంచి వస్తుంది! కత్తిరించిన ఆకులు, వాడిన పూలు ప్లాస్టిక్ కవర్‌లో కట్టి మూలన పెడితే గాలి అందక రెండు రోజుల్లో కుళ్లిపోతాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌లోనైనా అంతే.. తాజా పూల దగ్గర కాదు, మిగిలిపోయిన తడి పూలు గుట్టగా పడి ఉంటే అక్కడే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది.

తడి పూలకు రెండింతల ఎండుటాకులు, కొబ్బరి పీచు కలిపి, కంతలున్న డబ్బాలో వేసి, వారానికి రెండుసార్లు తిరగేస్తే వాసన లేని ఎరువు తయారవుతుంది. డబ్బా ఇంట్లో కాకుండా బాల్కనీలోనో, డాబా మీదో పెట్టుకోవాలి.

ఇదే సూత్రాన్ని పెద్ద స్థాయిలో ఇంకోలా వాడింది బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. అక్కడ రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలను మూసిన ట్యాంకుల్లో వేసి, వచ్చే గ్యాస్‌తో సుమారు 500 యూనిట్ల కరెంట్ తీస్తున్నట్టు 2021 జనవరి 31న మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ ప్రస్తావించారు. హైదరాబాద్‌లోని ఐఐసీటీ శాస్త్రవేత్తల టెక్నాలజీ అది. గాలికి వదిలితే కంపు.. పట్టుకుంటే కరెంట్!

గ్రో టెంట్ చట్టవిరుద్ధమా?

టెంట్ కొనడం, అందులో పూలు, ఆకుకూరలు పెంచడం తప్పేం కాదు. కానీ అందులో గంజాయి పెంచితే అది నేరం. ఒక్క కుండీ అయినా సరే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని సెక్షన్ 20 కింద గంజాయి మొక్కల సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. 2018లో హైదరాబాద్ శివారు మణికొండలోని ఒక అపార్ట్‌మెంట్‌లో కుండీల్లో గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు అరెస్ట్ చేశారు.

ఇలాంటి కేసులు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా టెంట్ అనగానే జనానికి అనుమానం వస్తోంది. కాబట్టి పక్కవాళ్లకు ముందే చెప్పి, ఒకసారి లోపలికి పిలిచి చూపించడం మంచిది. తలుపు తీసి తులసి, మల్లె చూపిస్తే అనుమానం అక్కడితో పోతుంది. కోసిన పుదీనా ఓ కట్ట చేతిలో పెడితే సగం ఫిర్యాదులు అసలు మొదలే కావు.

ఒక్క చూపులో.. ఏది ముందు, ఏది తర్వాత?

* ముందు వాసన ఏదో గుర్తించండి. కుళ్లు, బూజు, అమోనియా ఉంటే వాటిని సరిచేయండి.
* రాలిన ఆకులు, పూలు ఏ రోజువి ఆ రోజే తీసేయండి.
* తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.
* టెంట్ కొలతకు తగ్గ ఫ్యాన్, దానికి తగ్గ కార్బన్ ఫిల్టర్ పెట్టండి.
* అగర్‌బత్తీ పొగతో లీకులు చూసుకోండి.
* పైపు ఎవరి కిటికీ వైపూ, షాఫ్ట్ వైపూ ఉండకూడదు.
* రాత్రి ఫ్యాన్ స్పీడ్ తగ్గించండి కానీ ఆపొద్దు.

ఈ వరుసలో మొదటి మూడింటికి పెద్దగా ఖర్చు లేదు. చాలా ఇళ్లలో వాటితోనే సగం సమస్య తీరిపోతుంది. ఫిల్టర్ కోసం జేబులో చెయ్యి పెట్టే ముందు, టెంట్ పక్కన మూలన పెట్టిన ఆ కవర్ ఒకసారి విప్పి చూడండి.